పెద్దాయన పేరున వచ్చిన రెండో డోసు

కిందటి వారం చిట్టిని ఆస్పత్రి టీకాల గదిలో, తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. బయట వరండాలో విచారణాధికారి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఒళ్ళో ఉన్న అర్జీ రాయించింది పరాయివాళ్ళెవరో కాదు, చిట్టి సొంత వదిన. "ఆరు వారాల కిందట వచ్చిన మొదటి సీసాలో పదో డోసు నా భర్తది. అంబులెన్సు నడిపే మనిషిని పక్కకి నెట్టేసి, ఆ డోసు నాయకుడుగారికి వేశారు. నా భర్త చనిపోయాడు. దీనికి జవాబు కావాలి." ఇదీ అర్జీలో ఉన్న ముక్క. ఊరంతా పెద్దాయన అని పిలుచుకునే ఆ నాయకుడేమో వారం రోజులుగా అదే జబ్బుతో పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆ పదో డోసు వేసిన నర్సు చిట్టే. అధికారి పిలిచేలోగా ఒక్క పది నిమిషాలు మాట్లాడాలని వదినని రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఇప్పుడు గడియ వేసింది.

ఆ గది మొన్నమొన్నటిదాకా కట్లు కట్టే గది. ఎంత కడిగినా అయోడిన్ మరకలు గచ్చు మీద అలాగే ఉండిపోయాయి. ఓ మూల టీకాల ఫ్రిజ్, దాని తలుపుకి పొద్దునా సాయంత్రం డిగ్రీలు రాసే కాగితం. బల్ల మీద నీలం ఐసు పెట్టె. సూది వేయించుకునేవాళ్ళు కూర్చోడానికి ఒక స్టూలు. కిటికీ అద్దాలకి సగం దాకా తెల్లరంగు పూసి ఉంది కాబట్టి ఇన్నాళ్ళకి మళ్ళీ సీసాలు వచ్చాయని టీకా కోసం బయట వరసలో నిలబడ్డవాళ్ళ తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ తలలు ఊరికే ఉండటం లేదు. ఒకదాని దగ్గరికొకటి వంగుతున్నాయి, మళ్ళీ విడిపోతున్నాయి.

వదిన స్టూలు మీద కూర్చోలేదు. కూర్చుంటే మాట మెత్తబడిపోతుందని భయం కాబోలు. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని ఈ ఆస్పత్రికే గౌన్లు కుట్టి ఇస్తుంది ఆవిడ. మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. పదహారు రోజుల్లో మనిషి సగమైపోయింది.

"చెప్పు," అంది. "ఇన్నాళ్ళూ పెగలని నోరు ఇక్కడ పెగులుతుందా?"

"ముందు నీతో చెప్పుకోవాలి వదినా. ఆ తరవాతే ఎవరితోనైనా."

"ఏం చెప్పుకుంటావే? డాక్టరుగారు వల్లించిందేగా! పెద్దాయన వేయించుకుంటే జనానికి భయం పోతుంది, రోజుకి వంద మందిని కలిసే మనిషి, ఆయనకొస్తే వంద ఇళ్ళకి పాకుతుంది... వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మీ అన్నయ్య కలవలేదా మనుషుల్ని? ఆయన కలిసినవాళ్ళందరికీ జబ్బే కదే! రోగిని రెండు చేతులా ఎత్తుకునేవాడు ముందా, మైకు పట్టుకునేవాడు ముందా? ఇది తేల్చడానికి డాక్టరు చదువు కావాలా?"

ఈ వాదన ఆ రోజున సాక్షాత్తూ అన్నయ్య ముందే నడిచింది. జాబితాలో పదో పేరు ఆయనది. తెల్లారేసరికి పైనుంచి ఫోను వచ్చింది, పెద్దాయనకి వేయాలి, ఫోటోలు తీసి పంపించాలి అని. సీసాకి ఉండేవి పదే డోసులు. అప్పటికి ఊరికి వచ్చింది ఆ ఒక్క సీసాయే. డాక్టరుగారు కాసేపు తల పట్టుకుని కూర్చుని, ఆఖరికి పదో పేరు మీద ఎర్రగీత గీసేశారు. చిట్టి ముఖం మాడ్చుకుని ఆ సంగతి చెబితే అన్నయ్య పడీపడీ నవ్వాడు. "పోనీవే! ఆయన్ని చూసి నాలుగొందల మంది వస్తారు. నన్ను చూసి ఎవరొస్తారు? నన్ను చూస్తే ఉన్నవాళ్ళు కూడా పారిపోతారు," అన్నాడు. అంబులెన్సు వీధి మొగలో కనిపిస్తే చాలు, తలుపులు దడదడా మూసేసుకుంటున్న రోజులవి.

"నీ ఉద్యోగం నీకు ముఖ్యం. కాదనను," అంది వదిన. గొంతు ఉన్నట్టుండి దిగిపోయింది. "నీతో పోట్లాడే ఓపిక కూడా లేదే నాకు. ఒక్క సంగతి మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. అడుగుతా, నర్సువి కాబట్టి చెప్పు. ఆరు రోజులు మీ అన్నయ్య ఆ ఒక్క గదిలోనే పడుకున్నాడు. నేనూ అదే గదిలో. ఆయన దగ్గితే వీపు రాసింది నేను. ఆయన తాగి వదిలేసిన నీళ్ళు ఒకసారి మర్చిపోయి నేనే తాగాను. పక్కింటావిడ దూరం నించి చూసినందుకే జబ్బు పడింది. మరి నాకెందుకు రాలేదే చిట్టీ? నన్నెందుకు వదిలేసింది? నాకూ వచ్చి ఉంటే ఇద్దరం కలిసి పోయేవాళ్ళం కదా."

ఎన్నాళ్ళుగానో ఎలా మొదలుపెట్టాలా అని చిట్టి ఎన్ని విధాల అనుకుందో, ఎన్ని ముందుమాటలు కూర్చుకుందో! అవన్నీ గాలికి పోయాయి.

"నీకు వేశాం కాబట్టి రాలేదు వదినా."

వదినకి అర్థం కాలేదు. "ఏం వేశారు?"

"టీకా. ఆ రోజే. ఆ సీసాలోదే. నీకు వేసింది ధనుర్వాతం సూది కాదు."

గదిలో ఫ్రిజ్ గుర్రుమంటోంది. వదిన చూపు మెల్లగా తన ఎడమచేతి చూపుడువేలి మీదికి వెళ్ళింది. ఆ రోజు గౌన్ల మూట దించడానికి ఆస్పత్రికి వచ్చింది ఆవిడ. పొద్దున్న తొందరలో మిషన్ సూది వేలిలో దిగి సగానికి విరిగిందని, గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. అది చూసి అన్నయ్యే గొడవ చేశాడు, ఇనుము గుచ్చుకుంటే ఊరుకోకూడదు, సూది వేయించుకోవాల్సిందే అని. చెయ్యి పట్టుకుని ఈ గదిలోకే లాక్కొచ్చాడు.

"మరి... పెద్దాయన?"

"ఆయన వేసుకోలేదు."

"అబద్ధం. ఫోటో చూశాను. ఊరంతా చూసింది. నువ్వే పొడుస్తున్నావు, ఆయన నవ్వుతున్నాడు."

"సూదికి మూత తియ్యలేదు వదినా. ఆయన చొక్కా చెయ్యి అడ్డం ఉంది, ఎవరికీ కనపడదు."

ఇక చిట్టి ఆపలేదు. ఆనకట్టకి గండి పడ్డట్టు వచ్చేసింది మాట. పెద్దాయన మహా పుణ్యపురుషుడని ఈ కథ చెప్పేవాళ్ళం కూడా అనబోవడం లేదు. బావమరిదికి రోడ్డు పనులు ఇప్పించుకున్నవాడు, మాటిచ్చి మరిచిపోవడంలో చెయ్యి తిరిగినవాడు. కానీ ఆ రోజున స్టూలు మీద కూర్చుని, ఫోటోలవాడు లైట్లు సర్దుకుంటుంటే, ఊసుపోక బల్ల మీద ఉన్న జాబితా చూశాడు. ఎర్రగీత కింద పేరు ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. "ఎవరమ్మా ఈయన?" అన్నాడు. "అంబులెన్సు డ్రైవరండీ. మా అన్నయ్య," అంది చిట్టి. పెద్దాయన తల్లిని ఆఖరిసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది అన్నయ్యే. ఇంట్లోవాళ్ళెవరూ దగ్గరికి రాకపోతే ఆవిణ్ణి మెట్ల మీంచి ఎత్తుకుని దించింది కూడా అన్నయ్యే. లైట్లు వెలిగాయి. పెద్దాయన చిట్టి వైపు వంగి, పెదాలు కదిలీ కదలనట్టు, "మూత తియ్యకమ్మా. జనం నన్ను చూడాలి, అంతే. చూస్తే చాలు. వంతు ఆయనదే, ఆయనకే వెయ్యి," అన్నాడు. వెంటనే ఫోటోలవాడి వైపు తిరిగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

"అందరూ వెళ్ళాక అన్నయ్యని పిలిచాను," అంది చిట్టి. "నీ డోసు నీకే దక్కింది, రా, అన్నాను. వాడు వస్తే కదా! గుమ్మం దగ్గరే నిలబడి, నువ్వు మూట దించుతుంటే నీ వంకే చూస్తున్నాడు. మీ వదినకి వెయ్యి, అన్నాడు. నేను ఒప్పుకోలేదు వదినా. ఒట్టు. నీ పనికి నీకే కావాలి, అది నీ కోసమే కదా తెప్పించింది, అని అరిచాను. 'రోజూ నా బట్టలు వేణ్ణీళ్ళలో ఉడకబెట్టేది ఎవరు? నేను ఇంటికి మోసుకొచ్చేది ఎవరి కోసం? నా పేరు జాబితాలో ఉంది, గురువారం ఇంకో సీసా వస్తుంది, నాకు దక్కుతుంది. దాని పేరు ఏ జాబితాలోనూ లేదు. ఎప్పటికొస్తుంది దాని వంతు?' అన్నాడు. గురువారమే కదా అనుకున్నాను. నాలుగు రోజులే కదా అనుకున్నాను."

ఆ గురువారం సీసా రాలేదు. ఆ పై రెండు గురువారాలూ రాలేదు. పంతొమ్మిదో రోజున అన్నయ్యకి జ్వరం తగిలింది.

"నువ్వు వేయించుకోనని మంకుపట్టు పట్టావు," చిట్టి ముక్కు చీదుకుంది. "అది పొడిస్తే చేతులు పడిపోతాయట, చచ్చినా పొడిపించుకోను, అని ఇంట్లో తగువు. నీ వేలికి తగిలిన దెబ్బ చూసేసరికి వాడికి దేవుడిచ్చినట్టే అయింది. చెప్పకే, చెబితే పారిపోతుంది, అని బతిమాలాడు. నేను వేశాను. నిన్ను అడగకుండా నీ ఒంట్లోకి ఎక్కించడం తప్పు. మహా తప్పు. నర్సుని, నాకు తెలియదా?"

వదిన ఇప్పుడు కూర్చుంది.

"ఆ రాత్రి నాకు జ్వరమొచ్చింది," అంది. "ఒళ్ళంతా నొప్పులు. చెయ్యి ఎత్తలేకపోయాను. మీ అన్నయ్య తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాడు. వేస్తూ ఒకటే నవ్వు. మాటిమాటికీ నుదురు తాకి చూడటం, 'ఇంకా ఉంది, బాగా కాలుతోంది' అని సంబరపడిపోవడం. నాకు ఒళ్ళు మండిపోయి తిట్టిపోశాను. పెళ్ళానికి జ్వరమొచ్చిందని పండగ చేసుకునే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదన్నాను. అయినా నవ్వాడే! ఇందుకా చిట్టీ ఆ నవ్వు? మందు పని చేస్తోందనా?"

చిట్టి తల ఊపింది. ఇద్దరూ ఏడ్చారు. ఒకరినొకరు పట్టుకుని కాదు, ఎవరి చోట వాళ్ళు ఉండి ఏడ్చారు. ఎందుకంటే అప్పటికింకా వదిన క్షమించలేదు.

"మీ అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి నన్ను చిన్నపిల్లని చేశారు," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, అదేదో నువ్వే వేసుకో, నా సంగతి నేను చూసుకుంటానని కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆయన బతికేవాడు. చెప్పలేదు. పైగా పదహారు రోజులుగా నేను వీధిలో నిలబడి శాపనార్థాలు పెడుతుంటే చోద్యం చూశావు. నా మొగుడి వంతు మింగినవాళ్ళు నా కళ్ళ ముందే పోవాలి అన్నాను. ఎంతమంది విన్నారో తెలుసా? ఆ మింగింది నేనటే చిట్టీ! ఆ శాపం ఇప్పుడు ఎవరికి తగలాలే?"

"అలా అనకు వదినా."

"మరెందుకు చెప్పావు? ఇన్నాళ్ళు దాచినదానివి, చచ్చేదాకా దాచుకోకపోయావా?"

చిట్టి లేచి ఐసు పెట్టె దగ్గరికి వెళ్ళింది. "పెద్దాయన నాలుగు రోజుల కిందట ఫోను చేశారు. మాట మధ్యలో ఊపిరి అందడం లేదు. 'బతికితే నేనే అందరి ముందూ చెప్తానమ్మా, అంతదాకా నువ్వు నోరు మెదపకు. ఉత్తుత్తి సూది అని తెలిస్తే, అందరికీ ఉత్తుత్తివే వేస్తున్నారంటారు, ఒక్కరూ రారు,' అన్నారు. సరే అన్నాను. కానీ ఆయన మంచాన పడ్డారనగానే, వేసుకున్నవాడికే వచ్చింది, ఇంకెందుకీ మందు, అంటున్నారు బయట. చెబితే ఒక గొడవ, చెప్పకపోతే ఇంకో గొడవ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా నేను చెప్పింది అందుక్కాదు. ఇవాళ్టికి నలభై రెండు రోజులు వదినా. నీకు రెండో డోసు పడాలి. అది పడకపోతే మొదటిది ఎన్నాళ్ళు కాస్తుందో నాకు తెలియదు. కాగితాల్లో పదో డోసు పెద్దాయన పేరున ఉంది కాబట్టి, రెండోది కూడా ఆయన పేరునే వచ్చింది. పెట్టెలో ఉంది. సాయంత్రం దాటితే వెనక్కి పంపించెయ్యాలి. ఈసారి నిన్ను అడక్కుండా వెయ్యను."

"నాకొద్దు."

"వదినా..."

"వద్దంటే వద్దు. మొదటిది తెలియక వేయించుకున్నాను. రెండోది తెలిసి ఎలా వేయించుకోను? మీ అన్నయ్య ప్రాణం అది. రెండుసార్లు తినమంటావా?"

"వాడిచ్చింది సగంలో పారేస్తావా?"

అప్పుడే తలుపు తట్టారు. డాక్టరుగారి గొంతు. చిట్టి గడియ తీసింది. ఆయన లోపలికి రాలేదు. చేతిలో ఫోను పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. ముఖంలో నెత్తురు లేదు.

"పెద్దాయన పోయారు సిస్టర్. ఇప్పుడే ఫోను."

మెల్లగానే అన్నారు. కానీ ఇలాంటి మాటకి కాళ్ళొస్తాయి. వరండా దాటి, మెట్లు దిగి, గేటు దాకా ఉన్న నలభై మందినీ చుట్టేసి వచ్చింది. తరవాత ఎవడో అననే అన్నాడు: "సూది వేయించుకున్నవాడే పోయాడు. ఇంక మనమెంత?" అంతే. వరసలో మొదట నిలబడ్డ పాలవాడు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చంటిపిల్లని ఎత్తుకున్నావిడ మొగుడి చొక్కా పట్టుకుని లాగింది. అందరూ గేటు వైపు కదిలారు. డాక్టరుగారు రెండు చేతులూ ఎత్తి ఏదో చెప్పబోయారు గానీ ఆయన మాట ఎవరు వింటారు?

వదిన స్టూలు మీంచి ఎప్పుడు లేచిందో చిట్టి చూడలేదు. చూసేసరికి ఆవిడ వరండా దాటి, మెట్లు దిగి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి గేటుకి అడ్డంగా నిలబడి ఉంది.

"ఆగండి!" అంది. మిషన్ చప్పుడు మీంచి మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతు అది, ఎంత దూరమైనా వినిపిస్తుంది. "ఆయన వేసుకోలేదు. పెద్దాయన సూది వేసుకోలేదు. ఆయనకి రావలసింది, నా మొగుడికి రావలసింది, నా ఒంట్లో ఉంది. ఆరు రోజులు ఒకే గదిలో ఉన్నాను. చూడండి, నాకేమైంది? వేసుకోనివాళ్ళు ఇద్దరూ పోయారు. వేసుకున్నది నేను, మీ ముందు నిలబడ్డాను."

జనం ఆగారు. నమ్మి కాదు, విడ్డూరంగా ఉంది కాబట్టి ఆగారు. వరండాలో విచారణాధికారి కుర్చీలోంచి లేచి, అర్జీ చేత్తో పట్టుకుని మెట్ల దాకా వచ్చాడు.

"ఏమ్మా, అర్జీ పెట్టింది మీరే కదా? పెద్దాయనకి వేశారని మీరే రాయించారు. ఇప్పుడు మీకే వేశారంటున్నారు. ఎవరు వేశారు? మీకు చెప్పే వేశారా?"

చెప్పకుండా వేశారంటే ఉద్యోగం పోవడం కాదు, జైలే. వదిన ఒక్కసారి చిట్టి వంక చూసింది. ఆ చూపులో కోపం ఉందో, జాలి ఉందో అంత దూరం నుంచి తెలియలేదు.

"చెప్పే వేశారు," అంది వదిన. "చెప్పడమేమిటి, నేనే అడిగాను. చావంటే భయమేసి, తన వంతు నాకు ఇప్పించమని నా మొగుడి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన కాదనలేకపోయాడు. అర్జీ పెట్టింది నా తప్పు కప్పిపుచ్చుకోడానికి. రాసుకోండి."

నలభై మందీ ఒక్కసారి వెనక్కి జరిగారు, జబ్బుమనిషిని చూసి జరిగినట్టు. "మొగుడి మందు తను మింగి, ఊరి మీద ఏడ్చిందన్నమాట," అంది చంటిపిల్లతో ఉన్నావిడ, వినపడేలాగే. వదిన తల దించుకోలేదు. అది చూస్తూ చిట్టి వరండా మెట్ల పైకి వచ్చి నిలబడింది.

అధికారి కలం మూత తీశాడు. రాయబోయి ఆగి, చిట్టి వైపు తిరిగాడు.

"సూది వేసింది మీరే కదా సిస్టర్? ఆవిడ చెప్పింది నిజమేనా?"